ఒకే నీరు త్రాగు జనులు

మన దేశమును గూర్చి మాటలాడునప్పుడు సాధారణముగా మనము పటమును ఎదుట పెట్టుకొని మాటలాడుదుము. ఇది మన రాష్ట్రము, అది వారి రాష్ట్రము. ఇది మన జిల్లా, అది పొరుగు జిల్లా అని గీతలు చూచుకొందుము. అయితే నీరు ఆ గీతలను ఎరుగదు. వాన ఎక్కడ కురిసినను అది పల్లమును వెదకికొని పోవును. ఎక్కడో కొండమీద పడిన చినుకు, మనమెన్నడును చూడని అడవులను తడిపి, మనకు తెలియని భాషలు మాటలాడువారి కడవలు నింపి, చివరకు మన పొలములోనికి వచ్చును. కనుక ఈ నెల మన దేశమును గీతలనుబట్టి కాక ఒక నదినిబట్టి చూతము. ఆ నది గోదావరి. దాని ఒడ్డున ఎవరెవరు కాపురమున్నారు, వారి నేల ఎట్టిది, వారు ఒకరికొకరు ఏమి ఇచ్చిరి, ఒకరినుండి ఒకరు ఏమి తీసికొనిరి అను సంగతులు తెలిసికొనినయెడల, మన పొరుగువారెవరో మనకు తేటపడును.

గోదావరి మహారాష్ట్రములో నాసిక్ సమీపమున, త్ర్యంబకేశ్వరము నొద్దనున్న బ్రహ్మగిరి కొండలలో పుట్టుచున్నది. అక్కడనుండి పడమటి సముద్రము సుమారు 80 కిలోమీటర్ల దూరములోనే యున్నది. అయినను నది ఆ దగ్గరి సముద్రమును విడిచిపెట్టి, తూర్పుముఖముగా 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతములో కలియుచున్నది. దక్కను పీఠభూమి పడమట ఎత్తుగాను తూర్పున వాలుగాను ఉండుటయే దీనికి కారణము. ఈ నదికిని దాని ఉపనదులకును నీరు పంపు నేల 3,12,812 చదరపు కిలోమీటర్లు. అనగా భారతదేశపు నేలలో ఇంచుమించు పదవవంతు. నిజామాబాదు ప్రాంతమున కందకుర్తి యొద్ద మంజీర నది వచ్చి కలియుచోట గోదావరి తెలుగు నేలలో అడుగు పెట్టుచున్నది. అక్కడికి దిగువను పోచంపాడు నొద్ద శ్రీరామసాగరము ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆ కాలువల నీటితో పండు పొలములను గూర్చి మనలో అనేకులెరుగుదురు. గాని నదికి ఉత్తరపు ఒడ్డున లేచు అడవికొండలను గూర్చి ఎరిగినవారు కొద్దిమందే. అక్కడనుండి మొదలు పెట్టుదము.

గోండులు, కొలాములు

ఆదిలాబాదు కొండలు టేకు అడవులకు పేరు పొందినవి. అక్కడి లోయలలో నల్లరేగడి, మెరకలలో రాతినేల. ఈ సీమయందు గోండులు తరతరములుగా కాపురమున్నారు. వారిని అడవి మనుష్యులని తేలికగా తలంచువారు ఒక సంగతి తెలిసికొనవలెను: నేడు చంద్రపూర్ అని పిలువబడు చాందా పట్టణములో గోండు రాజులు ఏలిరి, 18వ శతాబ్దపు నడిమికాలమున మరాఠా భోంస్లేలు ఆ రాజ్యమును కలుపుకొనువరకు వారి కోటలును చెరువులును వారివే. గోండులన్న పేరు ఇతరులు పెట్టినది. తమ భాషలో వారు తమ్మును కోయతూర్ అని చెప్పుకొందురు.

వారి భాష మనకు పరాయిది కాదు. గోండీలో రెండు, మూడు, నాలుగు అను అంకెలు రండ్, మూండ్, నాలుంగ్ అని పలుకబడును. నీళ్లను వారు ఏర్ అందురు. వినగానే మన ఏరు మనస్సుకు రాదా? భద్రిరాజు కృష్ణమూర్తి అను భాషాపండితుడు 1961లో అచ్చయిన తన గ్రంథములో తెలుగు క్రియాధాతువులను పరిశోధించెను. ఆయన పరిశోధనలవలన తేలిన దేమనగా, తెలుగు తమిళ కన్నడములకంటె గోండి, కొండ, కుయి, కువి భాషలకే దగ్గరి చుట్టము. పట్టణముల భాషలు మనకు తోబుట్టువులని ఇన్ని యేండ్లు చెప్పుకొంటిమి. నిజమైన తోబుట్టువులు అడవిలో ఉన్నారు. వారికి లిపిలో వ్రాసిన కావ్యములు లేకపోవుటచేత మనము వారిని గుర్తుపట్టలేకపోతిమి.

గోండుల ప్రక్కనే కొలాములు నివసించుచున్నారు. వీరి భాష గోండికంటె వేరైనది. వెదురుతడకలతో ఇండ్లు కట్టుకొని, కొండచరియలలో సేద్యము చేసినవారు వీరు. ఈ స్థలముల దేవతలను ఎరిగినవారని వీరిని గోండులు పూజారులని పిలుతురు. బలము గలవారు తమకంటె బీదవారిని ఈ విధముగా గౌరవించుట గమనింపదగిన సంగతి.

పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరులో నాగోబా జాతర జరుగును. దానికి ముందుగా మెస్రం వంశమువారు చెప్పులు లేకుండ అనేక దినములు కాలినడకను పోయి, గోదావరిలో హస్తినమడుగు అను చోటినుండి నీళ్లు తెత్తురు. ఆ నీళ్లు వచ్చినగాని వారి పండుగ మొదలుకాదు. డెల్టావారికి గోదావరి కాలువలో ఇంటిముందుకు వచ్చును. వీరు కడవెడు నీటికొరకు ఎన్నో ఆమడలు నడుతురు. నది ఇద్దరికిని ఒకటే.

గోండులకు కష్టము అడవి చట్టముల రూపమున వచ్చెను. నిజాం ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి, ఆ హద్దులలోపల సాగును నిషేధించినప్పుడు, వారు తాతలనాటి పొలములలోనే దొంగలుగా ఎంచబడిరి. మైదానమునుండి వచ్చినవారు పట్టాలు వ్రాయించుకొనిరి; వ్రాత ఎరుగని గోండులు చూచుచు నిలిచిరి. కొమురం భీము అను గోండు యువకుడు తనవారికి నీటిమీదను అడవిమీదను నేలమీదను హక్కు కావలెనని నిలువబడి, 1940లో జోడేఘాట్ నొద్ద పోలీసుల తుపాకులకు బలియాయెను. అటుతరువాత ప్రభుత్వము, ఈ జనుల స్థితి కనుగొనుటకై క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుని పంపెను. ఆయన తన భార్య బెట్టీతోకూడ మార్లవాయి అను గోండు గ్రామములో కాపురముండి, వారి భాష నేర్చుకొని, వారు చెప్పినది వ్రాసికొనెను. 1943లో ఆ గ్రామములోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము ఏర్పడెను. అనేక కుటుంబములకు భూమి పట్టాలు దొరికెను. వినుటకు ఒకడు వచ్చి కూర్చుండినందున ఎంత మేలు కలిగెనో చూడుడి. అయితే ఒక మనుష్యుడు చనిపోయిన తరువాత గాని ఆ వినువాడు రాలేదు. ఆ సంగతిని కూడ మనము మరువరాదు. 2016లో ఏర్పడిన ఒక జిల్లాకు కొమురం భీము పేరు పెట్టిరి.

నేలలో దాగిన చరిత్ర

ఇక్కడనుండి నది తూర్పునకు సాగి, కాళేశ్వరము నొద్ద ప్రాణహితను కలిసికొనును. వార్ధా, వైన్‌గంగా నదుల నీరు ప్రాణహితలోనే వచ్చును. వానకాలములో గోదావరి రూపము ఇక్కడ మారిపోవును. అంతవరకు ఇసుకతిన్నెల మధ్య పారిన నది, ఇక్కడనుండి ఒడ్డు కనబడనంత వెడల్పగును. దిగువను బస్తరు అడవుల నీటితో ఇంద్రావతి వచ్చి కలియును.

ఈ లోయ మనుష్యులకంటె ఎంతో ప్రాచీనమైనది. సింగరేణి గనులలో త్రవ్వుచున్న బొగ్గు, 25 కోట్ల యేండ్లకు పూర్వము ఇక్కడ పెరిగి బురదలో కూరుకొనిపోయిన అడవియే. ప్రాణహితకు సమీపమున యామనపల్లి యొద్ద దొరికిన పెద్ద ఎముకలు, ఒకప్పుడు ఈ నేలమీద తిరిగిన రాక్షసబల్లివి. 1988లో పండితులు దానికి ఆ ఊరి పేరు కలిపి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. ఇట్టి రాతిపొరలను మన దేశములో పరిశీలించిన భూగర్భశాస్త్రజ్ఞులు 19వ శతాబ్దములో వాటికి గోండ్వానా అని పేరు పెట్టిరి. గోండ్వానా అనగా గోండుల నేల. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, ఇండియా ఒకప్పుడు ఒకే ఖండమై యుండెనని శాస్త్రజ్ఞులు కనుగొనినప్పుడు ఆ మహాఖండమునకును అదే పేరు నిలిచెను. లోకములోని ప్రతి భూగర్భశాస్త్ర గ్రంథములోను ఈ జనుల పేరున్నది. మన పాఠశాలలో గోండు పిల్లవాని ప్రక్కన కూర్చుండువానికి మాత్రము ఆ సంగతి తెలియదు.

కోయలు

కాళేశ్వరమునుండి భద్రాచలము దాటువరకు నదికి ఇరువైపుల కోయల గ్రామములు కలవు. వీరును తమ్మును కోయతూర్ అనియే చెప్పుకొందురు. వీరి మాట గోండీకి దగ్గరి మాట. ఇప్పపువ్వు రాలు కాలములో తెల్లవారకముందే కుటుంబమంతయు బుట్టలతో అడవిలోనికి పోవును. ఇప్పపువ్వు ఎండబెట్టి తినుట కాక, గింజనుండి నూనె తీయుదురు. చింతపండు, కరక్కాయ, తేనె, బంక సంతకు తెచ్చి, ఉప్పు, గుడ్డ కొనుక్కొని పోవుదురు. ఉప్పు అను ఒక్క వస్తువు కొరకు అడవి సముద్రముమీద ఆధారపడియుండెను. పూర్వము లంబాడీలు ఎద్దులమీద ఉప్పు గోనెలు వేసికొని తీరమునుండి ఈ లోపలి సీమలకు తెచ్చుచుండిరి. బండ్లు నడువని దారులలో వారి ఎద్దులే దేశమును కలిపి కుట్టిన సూదులు.

రెండేండ్లకొకసారి మాఘపౌర్ణమినాడు మేడారములో జరుగు సమ్మక్క సారలమ్మ జాతర కోయలదే. లక్షలకొలది మైదానపువారు ఆ అడవికి వచ్చి బెల్లము సమర్పింతురు. ఆ బెల్లమును బంగారమని పిలుతురు. జాతర కథ ఏమనగా, కరవుకాలమున కప్పము కట్టలేకపోయిన కోయలమీదికి కాకతీయుల సైన్యము రాగా, సమ్మక్కయు ఆమె పిల్లలును ఎదిరించి నశించిరని వారి పెద్దలు చెప్పుదురు. వాగునకు జంపన్న అను ఆమె కుమారుని పేరు నిలిచినది. ఆ వాగు గోదావరికే పోవుచున్నది. మన చరిత్ర పుస్తకములలో కాకతీయుల తోరణములను గూర్చి చదువుకొనుచున్నాము. పన్ను కట్టలేనివారి పక్షమున ఆ కాలమును జ్ఞాపకము చేసికొనువారు ఈ అడవిలో ఉన్నారు. రెండును కలిసినగాని చరిత్ర పూర్తికాదు.

భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెములో 19వ శతాబ్దమున ఒక గొప్ప ప్రయత్నము జరిగెను. సముద్రమునుండి నాగపూరు సీమవరకు గోదావరిమీద పడవలు నడపవలెనని ఇంజనీర్లు తలంచి, రాతిమడుగులు దాటుటకు ఆనకట్టలు, కాలువలు కట్టనారంభించిరి. నది ఒప్పుకొనలేదు, 1871లో పని మానుకొనిరి. అయితే ఆ పనివలన బయటివారి కన్ను కోయలమీద పడెను. దుమ్ముగూడెములో నివసించిన జాన్ కెయిన్ అను మిషనరీ కోయల ఆచారములను, భాషను గూర్చి వ్రాసిన వ్యాసములు నేటికిని పండితులకు పనికివచ్చుచున్నవి. పడవలు నడువలేదు గాని మాటలు నిలిచినవి.

కొండరెడ్లు

కూనవరము నొద్ద శబరి వచ్చి కలిసిన తరువాత, గోదావరి తూర్పుకనుమలలో చొచ్చుకొనిపోవును. ఇవియే పాపికొండలు. ఎగువను అంత వెడల్పుగా పారిన నది ఇక్కడ రెండు కొండలనడుమ ఇరుకునబడి, లోతుగాను నల్లగాను నిశ్శబ్దముగాను సాగును. ఈ కొండలలో కొండరెడ్లు నివసించుచున్నారు. వీరి మాట తెలుగే. పోడు కొట్టి జొన్నలు, సామలు పండించుకొందురు. పంట చాలని నెలలలో జీలుగుచెట్టు కల్లును, నానబెట్టి విషము తీసిన మామిడిటెంకల అంబలియు వారిని బ్రదికించెను. ఎంత చేదు టెంకను ఎన్ని దినములు పారు నీటిలో నుంచిన తినదగినదగునో తెలిసికొనుట కూడ ఒక శాస్త్రమే. పూర్వము వీరు వెదురు నరికి, తెప్పలుగా కట్టి, నదిమీద వదలిరి. ఆ వెదురు రాజమహేంద్రవరము చేరి, దిగువ ఊళ్ల ఇంటికప్పులకును తడకలకును ఉపయోగపడెను. కాని వెదురు నరికినవానికి మిగిలినది తరచుగా వర్తకుని పద్దులో అప్పే.

ఆ అప్పు ఎట్లు పెరిగెనో 1879 నాటి రంపపితూరి చెప్పుచున్నది. రంపసీమలో మన్సబుదారు పన్నులు పెంచెను. కొండవారు తమ ఇంటికొరకు గీసికొను కల్లుమీద చిగురుపన్ను అని వసూలు చేసిరి. తరువాత కల్లు హక్కును గుత్తదారులకు అప్పగించిరి. దిగువనుండి వచ్చిన వర్తకులు చదువురానివారిచేత కాగితములమీద వేలిముద్ర వేయించుకొని, దూరపు కోర్టులలో డిక్రీలు తెచ్చి, పశువులను భూములను తోలుకొనిపోయిరి. 1879 మార్చిలో ప్రారంభమైన తిరుగుబాటును అణచుటకు మరుసటి యేటివరకు సైన్యము అడవిలో తిరుగవలసివచ్చెను. 1882 నాటి మద్రాసు అడవిచట్టముతో పోడుమీద మరిన్ని ఆంక్షలు పడెను. కొండవారిచేత దారులు వేయించి తగిన కూలి ఇయ్యని అధికారులును బయలుదేరిరి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారు ఈ బాధలు పడినవారే. ఆయన 1924 మే 7న కాల్చి చంపబడెను.

ఈ రెండు తిరుగుబాటులనడుమ 1917లో ప్రభుత్వము ఒక చట్టము చేసి, మన్యములో కొండవారి భూమి అనుమతి లేకుండ ఇతరులకు పోరాదని శాసించెను. తరువాత 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చెను. 1970లో దానిని మరింత గట్టిపరచిరి. ఆ చట్టములు ఎందుకు అవసరమాయెనో ఆలోచించుడి. పులినుండి రక్షించుటకు కాదు, జ్వరమునుండి రక్షించుటకు కాదు. దిగువనుండి వచ్చు మనవంటివారినుండి రక్షించుటకే.

ఆనకట్ట

కొండలు దాటిన నది విశాలమై, రాజమహేంద్రవరమును దాటి, ధవళేశ్వరము చేరును. అక్కడనుండి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి, వాటినుండి మరికొన్ని పాయలు పుట్టి, కొండలనుండి తెచ్చిన ఒండ్రును పరచిన నేలయే డెల్టా. కోనసీమ కొబ్బరితోటలలోని ప్రతి పిడికెడు మట్టియు ఎగువ కొండలనుండి కొట్టుకొని వచ్చినదే. కాబట్టి డెల్టావాసి పొలము కూడ ఒక విధముగా కొండవారి నేలయే.

నేడు ఈ సీమను అన్నపూర్ణ అని పిలుతురు గాని రెండువందల యేండ్లక్రిందట అట్లు లేదు. నది నిండుగా పారుచుండగానే ఒడ్డున జనులు ఆకలితో చచ్చిరి. 1832–33లో ఘోరమైన కరవు వచ్చెను. 1839లో ఉప్పెన తీరమును ముంచెను. 1821లో ఆ జిల్లా జనసంఖ్య సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు తగ్గెను. ఈ స్థితిని చూచిన ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు నీటిని ఊరక సముద్రమునకు పోనియ్యరాదని ప్రభుత్వమునకు వ్రాసెను. 1847లో ధవళేశ్వరము నొద్ద పని మొదలై 1852లో ఆనకట్ట ముగిసెను. నది అక్కడ లంకలనడుమ నాలుగు పాయలుగా పారుచుండుటచేత ఆనకట్టను నాలుగు భాగములుగా కట్టిరి. రాయి ప్రక్కనున్న కొండనుండి వచ్చెను. వేలకొలది కూలీలు పనిచేసిరి. వారిని సమకూర్చి నడిపించినవారిలో వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి పేరు నేటికిని తలంపబడుచున్నది. పాత ఆనకట్ట జీర్ణింపగా, 1970 తరువాత క్రొత్త బారేజి కట్టి, దానికి కాటన్ పేరే పెట్టిరి. దానిక్రింద సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి.

ఇది గొప్ప మేలు. అయితే మేలు కూడ కొందరి దారికి అడ్డు వచ్చును. వరదనీటికి ఎదురీదుచు సముద్రమునుండి వచ్చు పులసచేపకు ధవళేశ్వరము నొద్ద దారి మూసికొనిపోయెను. చేప సంగతి చిన్నది. మనుష్యుల సంగతి చూడవలెనన్న, మరల కొండలవైపు తిరుగవలెను.

ఎవరి మేలు, ఎవరి వెల?

పాపికొండల దిగువను పోలవరము నొద్ద పెద్ద ఆనకట్ట కట్టవలెనను తలంపు 1940వ దశకములోనే రామపాదసాగరమను పేర పుట్టెను. 2014లో దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించి, ముంపుమండలములను తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిరి. ఈ జలాశయమువలన కదలవలసినవారు లక్షకు పైగా కుటుంబములని ప్రభుత్వ లెక్కలే చెప్పుచున్నవి. వారిలో పెద్దభాగము కోయలును కొండరెడ్లును. రైతుకు నీరు కావలెను, పట్టణమునకు విద్యుత్తు కావలెను; దానిని కాదనలేము. గాని నీరు ఎవరికి వచ్చుచున్నది, ఊరు ఎవరిది పోవుచున్నది అని అడుగుట మన విధి.

క్రొత్త కాలనీలో సిమెంటు ఇల్లు ఇత్తురు. అది ఎండకు వానకు నిలుచును. అయితే ఇప్పచెట్టును ఏ కాలనీలో ఇయ్యగలరు? తండ్రి పాతిన రాయిని, తాత సమాధిని, తేనెపట్టు వ్రేలాడు బండను లెక్కగట్టి చెల్లించుటకు ఏ కచేరీలోను పట్టిక లేదు. కొండచరియను చదువగల ముసలివాడు, మైదానపు కాలనీలో ఏమియు ఎరుగనివానివలె కూర్చుండును. అతని జ్ఞానము తప్పిపోలేదు. అది పనికివచ్చు నేల అతని కాళ్లక్రిందనుండి తప్పిపోయినది. నష్టపరిహారము సరిగాను వేళకును అందవలెనని అడుగుట ధర్మకార్యము కాదు, న్యాయము మాత్రమే.

వరదలు కూడ మనకు ఇదే బోధించినవి. 1986 ఆగష్టులో భద్రాచలమునొద్ద నీరు 75.6 అడుగులకు లేచెను. ధవళేశ్వరమునొద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చెను. 2022 జూలైలో మరల భద్రాచలమునొద్ద 71 అడుగులు దాటెను. ఎగువ కోయగూడెమును ముంచిన నీరే కొద్ది దినములకు దిగువ లంకగ్రామమును ముంచెను. ఆ దినములలో కోయవాడును లంకవాడును ఒకే విధముగా పిల్లలను భుజముమీద ఎత్తుకొని మెరకకు పరుగెత్తిరి.

సముద్రపు ఒడ్డు

చివరకు నది సముద్రమును చేరును. అంతర్వేదియొద్ద వసిష్ఠ, యానాము దిగువను గౌతమి కలియుచున్నవి. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. కోరంగి ప్రక్కన నదీముఖమున మడ అడవులు కలవు. ఉప్పునీటిలో నిలిచి, బురదలోనుండి ఊపిరివేళ్లను పైకెత్తు ఈ చెట్లు, అలల దెబ్బను మొదట తాము కాచుకొనును. రొయ్యపిల్లలకును చేపపిల్లలకును ఈ వేళ్ల సందులే ఊయెల. ఇక్కడి జాలరులు నీటి రంగు చూచి చేపను, గాలి వాసన చూచి వానను పసిగట్టుదురు. అయినను 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయిరి. వారిలో సముద్రముమీదికి పోయిన జాలరులు అనేకులు.

ఈ కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 ఉప్పెన దానిని నాశనము చేసెను గాని పేరు సముద్రము దాటెను. ఈ తీరమునుండి బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని రంగూనులో కోరంగీలని పిలిచిరి. ఓడలకు బరువులు ఎత్తినవారు, రిక్షాలు లాగినవారు, మిల్లులలో పనిచేసినవారు వారే. అక్కడ ఆ పేరు గౌరవముతో పలుకబడలేదు. వారి భాష అక్కడివారికి వింత, వారి తిండి వింత. 1930లో రంగూను రేవులో పనికొరకు కలిగిన తగవులో తెలుగు కూలీలనేకులు చంపబడిరి. 1942లో జపానువారు బర్మామీదికి రాగా, వేలకొలది మనవారు అడవులగుండ, కొండలగుండ నడచి ఇండియాకు బయలుదేరిరి. ఎందరో దారిలోనే పడిపోయిరి. అడవి దారి ఎరుగని ఆ తీరవాసులకు అప్పుడు కొండమనిషి జ్ఞానమే కావలసియుండెను.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామనగా, పరాయివాడనిపించుకొనుట ఎట్లుండునో మన తెలుగువారికి తెలియును. ఒక దేశములో మనము కోరంగీలము. మన దేశములో మరియొకని కోయవాడని, లంబాడివాడని, జాలరివాడని అదే గొంతుతో పిలిచినయెడల, మన తాతలు పడిన బాధ మనకు ఏమి నేర్పినట్లు?

ప్రియ చదువరులారా, నది మనకు చూపిన జనులందరిని ఇప్పుడు ఒకచోట నిలిపి చూడుడి. కడవెడు నీటికొరకు నడచు మెస్రములు, వెదురింటిలోని కొలాములు, ఇప్పపువ్వు ఏరు కోయలు, టెంకనుండి ఆహారము తీయు కొండరెడ్లు, ఉప్పు మోసిన లంబాడీలు, వరి నాటు డెల్టా కూలీలు, గాలి వాసన ఎరిగిన జాలరులు. వీరిలో ఎవరును ఇంకొకరు లేకుండ బ్రదుకలేదు. ఒకని మట్టి మరియొకని పొలమాయెను. ఒకని ఉప్పు మరియొకని కూర అయ్యెను. ఒకని ఊరు మునిగి మరియొకని దీపము వెలుగబోవుచున్నది. దేశమనగా ఈ ఋణములే.

ఋణమున్నవాడు చేయవలసిన పని దూరము పోకుండనే చేయవచ్చును. సంతలో కొండవారు చింతపండు దించినప్పుడు తూకము సరిగా వేయుడి, ధర సరిగా చెప్పుడి. కాగితముమీద వ్రేలు పెట్టవలెనని ఎవరైన వారిని అడిగినప్పుడు, చదువు వచ్చిన మీరు దానిని మొదట వారికి చదివి వినిపించుడి. మీ ఊరి ప్రక్కను నిర్వాసితుల కాలనీ ఏర్పడినయెడల, నీటికుళాయి యొద్దను బడియందును వారిని వెనుకకు నెట్టకుడి. వారి పిల్లలు ఇంటిలో మాటలాడు భాషను ఎగతాళి చేయకుండ మీ పిల్లలకు నేర్పుడి. అది మన భాషకు అక్కయో చెల్లెలో అగునని చెప్పుడి. వారి పెద్దలను అన్నా అనియు అమ్మా అనియు పిలువుడి. ఇందులో దేనికిని డబ్బు అక్కరలేదు.

నేటి సాయంకాలము అన్నము వడ్డించుకొనునప్పుడు, గ్లాసులోని నీళ్లను ఒకసారి చూడుడి. అవి ఎవరి కొండమీదనుండి వచ్చెనో పిల్లలను అడుగుడి, తెలియనియెడల చెప్పుడి.